గుమ్మం దగ్గరి నిబంధన: కరోనా కాలంలో మాస్కు ఆదేశాలకు అమెరికా వ్యాపారరంగం మద్దతు
(స్మారకోపన్యాస పాఠం)

అంటువ్యాధి రోజుల్లో బహిరంగ ప్రదేశాల్లో మాస్కు తప్పనిసరి అని ఆదేశం ఇచ్చేది ప్రభుత్వం, పాటించవలసింది పౌరుడు. కానీ ఈ ఇద్దరూ ఎదురుపడే చోటు చాలావరకు ప్రభుత్వ కార్యాలయం కాదు. అది కిరాణా కొట్టు, మందుల షాపు, హోటలు, క్షౌరశాల, విమానం. అందువల్ల మాస్కు నిబంధన చరిత్రలో వ్యాపారులు పక్కన నిలబడి చూసినవారు కారు. ఆ నిబంధన నిలబడిందా కూలిందా అన్నది చాలాచోట్ల దుకాణం గుమ్మం దగ్గరే తేలింది. ప్రభుత్వం ఏ కొత్త నిబంధన పెట్టబోయినా ముందుగా అడ్డుచెప్పే అలవాటున్న అమెరికా వ్యాపార సంఘాలు 2020 వేసవిలో తామే ప్రభుత్వాల తలుపు తట్టి, మాస్కును చట్టబద్ధంగా తప్పనిసరి చేయమని కోరాయి. అవి ఎందుకు కోరాయి, ఎంతకాలం ఆ మాట మీద ఉన్నాయి, ఆ భారాన్ని చివరికి మోసినవారు ఎవరు అన్న మూడు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి ముడిపడినవే.

వ్యాపారం, మాస్కు ఒకదానికొకటి తారసపడటం 2020లో మొదలు కాలేదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో ఒకే దేశంలోని రెండు నగరాల్లో వ్యాపారులు మాస్కు విషయంలో పరస్పర విరుద్ధంగా నిలబడ్డారు. ఆ ఏడాది నవంబరు చివర్లో డెన్వర్ నగరం థియేటర్లను, వినోదశాలలను రెండోసారి మూయించినప్పుడు వాటి యజమానులు ఏకమై అధికారుల మీద ఒత్తిడి తెచ్చారు. మూసివేత వద్దు, కావాలంటే అందరికీ మాస్కు తప్పనిసరి చేయండి అన్నది వారి వాదన. నగరపాలకులు లొంగారు. మూసివేత ఉత్తర్వు పోయి మాస్కు ఉత్తర్వు వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కథ తిరగబడింది. అక్కడ నవంబరు 21న మాస్కులు తీసేశారు. డిసెంబరులో కేసులు మళ్లీ పెరగడంతో ఆరోగ్యాధికారి విలియం హాస్లర్ మాస్కు నిబంధన తిరిగి తేవాలన్నాడు. క్రిస్మస్ బేరాలు దెబ్బతింటాయని వర్తకులు వద్దన్నారు, నగర పాలకమండలి ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది. 1919 జనవరిలో వ్యాధి మరింత ముదిరాక గాని మాస్కు తిరిగి రాలేదు. మాస్కు లేకపోతే తలుపులు మూయవలసి వస్తుందన్నప్పుడు వ్యాపారి దానికి మద్దతు ఇస్తాడు. మాస్కు వల్లే కొనుగోలుదారు రాడేమో అనుకున్నప్పుడు వ్యతిరేకిస్తాడు. వందేళ్ల తరువాత కూడా ఈ లెక్క పెద్దగా మారలేదు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19ను విశ్వవ్యాప్త మహమ్మారిగా పేర్కొంది. అప్పటికి అమెరికాలో ఆరోగ్యవంతులు మాస్కు పెట్టుకోనక్కర్లేదన్నదే అధికారిక సలహా. ఏప్రిల్ 3న ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, ఇంటి నుంచి బయటకు వచ్చేవారు గుడ్డ మాస్కు కట్టుకోవడం మంచిదని చెప్పింది. అది సలహాగానే ఉంది, ఆదేశం కాలేదు. ఆ సలహాను నిబంధనగా మార్చిన మొదటివారిలో ప్రైవేటు సంస్థలు ఉన్నాయి. మే 4 నుంచి జెట్‌బ్లూ విమానాల్లో ప్రయాణికులకు మాస్కు తప్పనిసరి అయింది. మిగిలిన పెద్ద విమాన సంస్థలు కొద్దిరోజుల తేడాలో అదే బాట పట్టాయి. అదే మే 4న కాస్ట్‌కో తన గోదాము దుకాణాలన్నిటిలో కొనుగోలుదారులకు మాస్కు తప్పనిసరి చేసింది. దేశవ్యాప్తంగా ఆ పని చేసిన మొదటి పెద్ద దుకాణ సంస్థల్లో అది ఒకటి. సభ్యత్వం రద్దు చేసుకుంటామని కొందరు బెదిరించారు. అప్పటి అధిపతి క్రెయిగ్ జెలినెక్ వెనక్కి తగ్గలేదు. మాస్కు పెట్టుకోవడం సొంత ఇష్టాయిష్టాలకు మాత్రమే సంబంధించిన సంగతి కాదని, పక్కవారి రక్షణకు సంబంధించినదని సభ్యులకు రాశాడు. డబ్బు కట్టి సభ్యులైనవారికే అమ్మే సంస్థ కాబట్టి, తలుపు దగ్గర కార్డు చూసే అలవాటు ముందే ఉంది కాబట్టి, కాస్ట్‌కోకు అది సాధ్యపడింది. తలుపులు బార్లా తెరిచి ఎవరు వచ్చినా రమ్మనే మామూలు దుకాణానికి అంత సులువు కాదు.

ఎంత కష్టమో ఆ రోజుల్లోనే తెలిసింది. ఓక్లహోమా రాష్ట్రంలోని స్టిల్‌వాటర్ పట్టణం మే 1 నుంచి దుకాణాల్లో, రెస్టారెంట్లలో మాస్కు తప్పనిసరి చేసింది. అమలు మొదలైన మూడు గంటల్లోపే దుకాణాల సిబ్బందిని తిట్టారని, కొడతామన్నారని, ఒకచోట తుపాకీ బెదిరింపు కూడా వచ్చిందని ఫిర్యాదులు అందాయి. సాయంత్రమయ్యేసరికి పట్టణం ఆ ఆదేశాన్ని విజ్ఞప్తి స్థాయికి తగ్గించుకుంది. అదే రోజు మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో ఒక చౌక సరుకుల దుకాణంలో మాస్కు పెట్టుకోమని చెప్పిన సెక్యూరిటీ గార్డును కాల్చి చంపారు. అంతకు కొద్దిరోజుల ముందే ఒహాయో గవర్నర్ మైక్ డివైన్ కొనుగోలుదారులకు మాస్కు తప్పనిసరి అని ప్రకటించి మరునాడే వెనక్కి తీసుకున్నాడు. ప్రజలు దాన్ని ప్రభుత్వపు జులుంగా భావిస్తున్నారని కారణం చెప్పాడు. ఫ్లింట్‌లో చనిపోయినవాడు ఏ శాసనసభలోనూ ఓటు వేయలేదు, ఏ ఉత్తర్వు మీదా సంతకం పెట్టలేదు. ఆ రాష్ట్రంలో అమలులో ఉన్న నిబంధనను గుమ్మం దగ్గర నోటితో చెప్పడమే అతను చేసిన పని. ఆ ఏడాది మాస్కు గురించి జరిగిన ప్రతి చర్చలోనూ ఈ మరణాన్ని గుర్తుంచుకోవలసి ఉంది.

ఈ పరిస్థితిలో వ్యాపారులు నిబంధనను తప్పించుకోవాలని చూస్తారనే ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. కారణాల్లో మొదటిది గిరాకీ. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సైవర్సన్ అనే ఆర్థికవేత్తలు మొబైల్ ఫోన్ల కదలికల ఆధారంగా 20 లక్షలకు పైగా వ్యాపార స్థలాల్లో జనం రాకపోకలను లెక్కగట్టి, 2020 జూన్‌లో ఒక పరిశోధనపత్రం వెలువరించారు. దుకాణాలకు జనం రాక 60 శాతం పడిపోగా, అందులో ప్రభుత్వ ఆంక్షల వాటా 7 శాతం పాయింట్లేనని వారు తేల్చారు. మిగతాదంతా జనం తమంతట తాము ఇంట్లో ఉండిపోవడం వల్ల వచ్చింది. దుకాణాన్ని ఖాళీ చేసింది ప్రధానంగా భయమని దాని సారాంశం. ఆంక్షలు ఎత్తేస్తే జనం పరుగెత్తుకొస్తారన్న ఆశ తప్పని ఆ లెక్క చెప్పింది. జనం రావాలంటే లోపల ప్రమాదం తక్కువని వారికి నమ్మకం కలగాలి. ఖర్చు లేకుండా ఆ నమ్మకం కలిగించగల సాధనం అప్పటికి మాస్కు ఒక్కటే. టీకా ఇంకా రాలేదు.

రెండోది మళ్లీ లాక్‌డౌన్ పెడతారన్న భయం. జూన్‌లో దక్షిణ, పశ్చిమ రాష్ట్రాల్లో కేసులు ఉవ్వెత్తున లేచాయి. జూన్ 26న టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ బార్లను తిరిగి మూయించాడు. ఆ నెల చివర్లో గోల్డ్‌మన్ సాక్స్ ప్రధాన ఆర్థికవేత్త యాన్ హాట్జియస్ బృందం ఒక అంచనా ప్రకటించింది. దేశమంతటా మాస్కు తప్పనిసరి చేస్తే, లేకపోతే స్థూల దేశీయోత్పత్తిని దాదాపు 5 శాతం కోసేయగల లాక్‌డౌన్లను తప్పించవచ్చని అందులో ఉంది. అది అంచనా మాత్రమే, ఊహల మీద కట్టిన లెక్క. అయినా అంతవరకు ఆరోగ్యశాఖ మాటగా ఉన్న మాస్కు బోర్డురూముల్లో రూపాయి, డాలరు లెక్కగా మారింది ఈ పత్రంతోనే. డెన్వర్ థియేటర్ల యజమానులు 1918లో చేసిన వాదనకు అంకెలు తొడిగినట్టయింది.

మూడో కారణం అన్నిటికన్నా లోతైనది. ఒకే వీధిలో ఎదురెదురుగా రెండు దుకాణాలు ఉన్నాయనుకుంటే, ఒకటి మాస్కు లేనివారిని రానివ్వదు, రెండోది రానిస్తుంది. మాస్కు ఇష్టంలేని కొనుగోలుదారు రోడ్డు దాటి రెండోదానికి పోతాడు. మొదటి దుకాణం తన సిబ్బందికి, మిగతా కొనుగోలుదారులకు మేలు చేసి, దానికి జరిమానాగా బేరం పోగొట్టుకుంటుంది. అందరూ ఒకేసారి నిబంధన పెడితే ఎవరికీ నష్టం లేదు, ముందుగా పెట్టినవాడికే నష్టం. పిల్లి మెడలో గంట కట్టవలసింది ఎవరన్న చిక్కు ఇది. చట్టం వస్తే ఈ చిక్కు తీరుతుంది. పోటీ సమం అవుతుంది. ఇది మా షాపు రూలు కాదు, ప్రభుత్వం రూలు అని కౌంటరు దగ్గరి ఉద్యోగి చెప్పగలుగుతాడు. గొలుసు దుకాణాలకు దీనికి తోడు ఇంకొక తలనొప్పి ఉంది. ఒకే కంపెనీకి ఒక జిల్లాలో మాస్కు తప్పనిసరి, పక్క జిల్లాలో కాదు. ఒక రాష్ట్రంలో ఉద్యోగులకు మాత్రమే, ఇంకొక చోట అందరికీ. ప్రతి వారం మారే వేలాది స్థానిక ఉత్తర్వులను చదివి అమలు చేయడం కన్నా కఠినమైన ఒకే నిబంధన వారికి నయం.

ఈ మూడు కారణాలూ కలిసి జులై మొదటి వారంలో బయటపడ్డాయి. జులై 2న అమెరికా వాణిజ్య మండలి, మరికొన్ని వ్యాపార సంఘాలతో కలిసి, మాస్కు విషయంలో జాతీయ స్థాయి ప్రమాణం నిర్ణయించి తప్పనిసరి చేయాలని అధ్యక్షుడు ట్రంప్‌కు, ఉపాధ్యక్షుడు పెన్స్‌కు, గవర్నర్లకు బహిరంగ లేఖ రాసింది. పర్యావరణం వంటి ఎన్నో విషయాల్లో కేంద్ర నిబంధనలను కోర్టుదాకా వెళ్లి ఎదిరించిన సంస్థ అది. దాని నోట జాతీయ నిబంధన కావాలన్న మాట రావడమే వార్త. నాలుగు రోజుల తరువాత వాల్‌మార్ట్, టార్గెట్, హోమ్ డిపో వంటివి సభ్యులుగా ఉన్న రిటైల్ ఇండస్ట్రీ లీడర్స్ అసోసియేషన్ గవర్నర్లందరికీ విడిగా లేఖ పంపింది. అప్పటికి సుమారు 20 రాష్ట్రాల్లోనే రాష్ట్రవ్యాప్త ఆదేశం ఉంది. మిగతా రాష్ట్రాలు కూడా ఇవ్వాలని, ఊరికొక తీరు నిబంధనల వల్ల కొనుగోలుదారుల్లో అయోమయం, సిబ్బందితో ఘర్షణ పెరుగుతున్నాయని ఆ సంఘం చెప్పింది. వాషింగ్టన్ నుంచి జాతీయ ఆదేశం రాలేదు. గవర్నర్లలో కొందరు స్పందించారు, కొందరు లేదు.

ప్రభుత్వం కదలకపోవడంతో జులై నడిమి వారంలో పెద్ద సంస్థలే వరస కట్టాయి. స్టార్‌బక్స్, బెస్ట్ బై జులై 15 నుంచి అమలుచేశాయి. అదే రోజు వాల్‌మార్ట్ తన నిర్ణయం ప్రకటించింది. 5 వేలకు పైగా ఉన్న దాని దుకాణాల్లో దాదాపు 65 శాతం అప్పటికే ఏదో ఒక ప్రభుత్వ ఆదేశం కింద ఉన్నాయి. జులై 20 నుంచి మిగతావాటిలోనూ అదే నియమం అని చెప్పింది. క్రోగర్, కోల్స్, సీవీఎస్, వాల్‌గ్రీన్స్, లోస్, హోమ్ డిపో, పబ్లిక్స్ ఆ వారంలోనే, టార్గెట్ ఆగస్టు 1 నుంచి. వాల్‌మార్ట్ ప్రకటన ప్రభావాన్ని దాని సొంత రాష్ట్రంలో గమనించవచ్చు. సంస్థ కేంద్ర కార్యాలయం ఆర్కన్సాలోని బెంటన్‌విల్‌లో ఉంది. అంతవరకు రాష్ట్రవ్యాప్త ఆదేశానికి సుముఖంగా లేని గవర్నర్ ఏసా హచిన్‌సన్ మరునాడే, జులై 16న, మాస్కు ఆదేశం మీద సంతకం చేశాడు. అది జులై 20న అమలులోకి వచ్చింది. అలబామా ఆదేశం కూడా ఆ రెండు రోజుల్లోనిదే. కేసులు పెరుగుతున్నాయి, ఆసుపత్రులు నిండుతున్నాయి, కాబట్టి ఒక కంపెనీ వల్లే గవర్నర్ మనసు మార్చుకున్నాడని అనడానికి లేదు. అయితే వాల్‌మార్ట్ ముందుగా అడుగు వేశాక సంప్రదాయవాద రాష్ట్రపు గవర్నర్‌కు ఆ అడుగు రాజకీయంగా తేలికైందనడంలో సందేహం అక్కర్లేదు.

ప్రభుత్వం వ్యాపారం వెనక దాక్కున్న సందర్భాలూ ఉన్నాయి. టెక్సస్‌లో గవర్నర్ ఆబట్ ఏప్రిల్ చివర్లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం స్థానిక ప్రభుత్వాలు మాస్కు లేదని వ్యక్తులకు జరిమానా వేయకూడదు. జూన్ 17న శాన్ ఆంటోనియో ఉన్న బెక్సర్ కౌంటీ అధిపతి నెల్సన్ వుల్ఫ్ దీనికి మార్గం కనిపెట్టాడు. వ్యక్తిని వదిలేసి వ్యాపారాన్ని పట్టుకున్నాడు. తన సిబ్బందికి, కొనుగోలుదారులకు మాస్కు తప్పనిసరి చేయని వ్యాపార సంస్థకు 1,000 డాలర్ల దాకా జరిమానా అన్నాడు. గవర్నర్ దాన్ని కాదనలేదు సరికదా, తన ఉత్తర్వులో ఆ వీలు మొదటినుంచీ ఉందని చెప్పాడు. పౌరుడి మీద చేయి వేయడానికి జంకిన ప్రభుత్వం ఆ పనిని దుకాణదారుకు అప్పగించింది. జులై 2న ఆబట్ స్వయంగా రాష్ట్రవ్యాప్త ఆదేశం ఇవ్వక తప్పలేదు. జార్జియాలో ఇంకొక తీరు. గవర్నర్ బ్రయన్ కెంప్ జులై 15న స్థానిక మాస్కు ఆదేశాలను చెల్లవన్నాడు, మరునాడే అట్లాంటా మేయర్ కీషా లాన్స్ బాటమ్స్ మీద కేసు వేశాడు. ఆగస్టులో కేసు ఉపసంహరించుకుని స్థానిక ఆదేశాలను అనుమతించాడు గాని, ప్రైవేటు దుకాణంలో యజమాని ఒప్పుకుంటేనే అవి చెల్లుతాయన్న షరతు పెట్టాడు. యజమాని హక్కును గౌరవించినట్టు కనిపించే ఈ షరతు నిజానికి గంట కట్టే పనిని మళ్లీ యజమాని మీదికే తోసింది.

నిబంధన పెట్టడం ఒకటి, నిలబెట్టడం ఒకటి. వాల్‌మార్ట్ గుమ్మం దగ్గర నల్ల చొక్కాలతో ఆరోగ్య ప్రతినిధులను నిలబెట్టింది, వారికి శిక్షణ ఇచ్చింది. కానీ జులై నెలాఖరుకల్లా ఇంకొక సంగతి బయటికొచ్చింది. మాస్కు పెట్టుకోనని మొండికేసినవారిని వాల్‌మార్ట్, హోమ్ డిపో, సీవీఎస్, వాల్‌గ్రీన్స్ వంటి సంస్థలు వెళ్లగొట్టబోవు. సిబ్బందికి ప్రాణహాని రాకూడదన్నది వారు చెప్పిన కారణం, అది నిజమైన కారణమే. ఆగస్టులో సీడీసీ కూడా దుకాణ సిబ్బందికి ఇచ్చిన సూచనల్లో బెదిరించేవారితో వాదనకు దిగవద్దని చెప్పింది. ఇల్లినాయ్ రాష్ట్రం అదే నెలలో ఒక చట్టం చేసింది. ఆరోగ్య నిబంధన చెబుతున్న దుకాణ ఉద్యోగి మీద దాడి చేస్తే మామూలు దాడి కన్నా తీవ్రమైన నేరంగా పరిగణిస్తారు. ఉద్యోగి పక్షాన ప్రభుత్వం నిలబడిన అరుదైన ఉదాహరణ అది. ఒహాయోలో నవంబరులో డివైన్ తెచ్చిన ఏర్పాటు దానికి వ్యతిరేక దిశలో నడిచింది. మాస్కు పాటించని దుకాణానికి మొదటిసారి హెచ్చరిక, రెండోసారి 24 గంటల దాకా మూసివేత. తప్పు చేసినవాడు బయటికి నడిచిపోతాడు, శిక్ష దుకాణానికి పడుతుంది.

భారతదేశంలో వరస వేరు. కేంద్ర హోంశాఖ 2020 ఏప్రిల్ 15 మార్గదర్శకాలతోనే బహిరంగ ప్రదేశాల్లో, పనిచేసే చోట్ల మాస్కు తప్పనిసరి అయింది. తెలంగాణలో మాస్కు లేకపోతే 1,000 రూపాయల జరిమానా ఉండేది. ఆదేశం ముందు, దుకాణం తరువాత. అందుకే ఇక్కడ వ్యాపార సంఘాలు నిబంధన కోసం లేఖలు రాయవలసిన అవసరం రాలేదు, నో మాస్క్ నో ఎంట్రీ బోర్డు చిన్న కొట్టుకు కూడా రక్షణగా పనికొచ్చింది. అమలు భారం మాత్రం ఇక్కడా దుకాణం మీదికి జరిగింది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాస్కు లేని వ్యక్తికి 100 రూపాయలు, అటువంటివారిని లోపలికి రానిచ్చిన వ్యాపార సంస్థకు 10,000 నుంచి 25,000 రూపాయలు జరిమానా నిర్ణయించింది. ఈ రెండు అంకెల మధ్య తేడాను బట్టే ప్రభుత్వం ఎవరిని కాపలాదారుగా చూసిందో తెలుస్తుంది.

ఇక కౌంటరు వెనక ఉన్నవారి సంగతి. మాస్కు తప్పనిసరి చేయమని వ్యాపార సంఘాల కన్నా ముందే అడిగింది కిరాణా, ఆహార పరిశ్రమల కార్మికుల సంఘం యూఎఫ్‌సీడబ్ల్యూ. అప్పట్లో దానికి 13 లక్షల మంది సభ్యులు ఉండేవారు. యజమాన్యాల మాటను గవర్నర్లు విన్న శ్రద్ధతో ఆ సంఘం మాటను విన్నారని చెప్పలేం. యజమాన్యాల మద్దతును అంచనా కట్టేటప్పుడు ఇంకొకటి కూడా లెక్కలోకి తీసుకోవాలి. క్రోగర్ వసంతకాలంలో గంటకు 2 డాలర్ల చొప్పున ఇచ్చిన అదనపు వేతనాన్ని మే నడుమ ఆపేసింది. జులైలో మాస్కు నిబంధన వచ్చేనాటికి, దాన్ని జనం చేత పాటింపజేయవలసిన ఉద్యోగి చేతికి ఆ అదనపు డబ్బు రావడం లేదు. కొత్త పని పెరిగింది, ప్రమాదం పెరిగింది, జీతం తగ్గింది. వ్యాపారరంగం ప్రజారోగ్యానికి చేసిన మేలు నిజమే అయినా, ఆ మేలుకు అయిన ఖర్చులో అతి తక్కువ జీతం తీసుకునేవారు మోసిన వాటా అన్యాయమైనంత పెద్దది.

ఈ శ్రమంతా ఫలించిందా అన్న ప్రశ్నకు జవాబు దొరికే చోట్లలో ఒక క్షౌరశాల ఉంది. 2020 మేలో మిస్సోరి రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇద్దరు క్షురకులు కోవిడ్ లక్షణాలు కనిపించాక కూడా కొన్ని రోజులు పనిచేశారు. వారి చేత జుట్టు కత్తిరించుకున్నవారు 139 మంది. నగర నిబంధన వల్ల, సంస్థ నియమం వల్ల అందరూ మాస్కుతో ఉన్నారు. పరీక్షకు ఒప్పుకున్న 67 మందిలో ఒక్కరికి కూడా వైరస్ కనబడలేదు, మిగతావారిలో ఎవరికీ లక్షణాలు రాలేదు. జులైలో సీడీసీ తన వారపత్రికలో ప్రచురించిన ఈ ఉదంతం వ్యాపారుల చేతికి గట్టి సాక్ష్యమైంది. ఒక్క దుకాణం కథతో శాస్త్రం తేలదు కాబట్టి పెద్ద లెక్కలూ చూడాలి. కన్సాస్‌లో గవర్నర్ లారా కెల్లీ జులై 3న అమలులోకి తెచ్చిన మాస్కు ఆదేశం నుంచి కౌంటీలు తప్పుకునే వీలుండేది. ఆదేశం ఉంచుకున్న 24 కౌంటీల్లో ఆగస్టు కల్లా కేసుల రేటు 6 శాతం తగ్గింది, లేని 81 కౌంటీల్లో రెట్టింపైంది. కౌంటీల మధ్య ఇతర తేడాలు కూడా ఉండి ఉంటాయి. బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో మూడు లక్షలకు పైగా పెద్దల మీద జరిగిన ప్రయోగంలో, ప్రోత్సాహం వల్ల మాస్కు వాడకం 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగింది, లక్షణాలతో కూడిన సోకుడు సుమారు 9 శాతం తగ్గింది. వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2023లో వెలువరించిన సమీక్ష మాత్రం మాస్కు వాడకాన్ని ప్రోత్సహించే చర్యల ఫలితం గురించి నిశ్చయంగా చెప్పడానికి ప్రయోగాల ఆధారాలు చాలవంది. మాస్కు అద్భుతం చేయదు. నలుగురు చేరే గదిలో అందరూ పెట్టుకున్నప్పుడు సోకుడు తగ్గించగల చవకైన అడ్డు అది. 2020 వేసవిలో వ్యాపారులు దాని మీద పెట్టుకున్న నమ్మకం ఆనాటి ఆధారాలకు తగినదే.

వ్యాపారరంగం మొత్తం ఒకే మాట మీద ఉందనుకోవడం పొరపాటు. సొంత నమ్మకం కొద్దీ మాస్కును వ్యతిరేకించిన చిన్న బార్లు, జిమ్‌లు, రెస్టారెంట్లు ఎన్నో ఉన్నాయి. వాటి కొనుగోలుదారులు చుట్టుపక్కలవారే కాబట్టి ఊరి రాజకీయమే వాటి రాజకీయం. పెద్ద సంస్థకు ఆ ఇబ్బంది తక్కువ. అన్ని రాజకీయాల జనమూ వచ్చే చోట ఒకే నియమం పెట్టి, నింద పై ఆఫీసు మీద వేయవచ్చు. 2021 మార్చి 10న టెక్సస్ తన ఆదేశాన్ని ఎత్తేసినప్పుడు ఈ తేడా స్పష్టంగా కనబడింది. టార్గెట్, క్రోగర్, బెస్ట్ బై వంటివి తమ నియమం కొనసాగిస్తామని ప్రశాంతంగా ప్రకటించాయి. హ్యూస్టన్‌లో ఒక కుటుంబం నడిపే మెక్సికన్ రెస్టారెంట్ అదే మాట చెప్పగానే, సిబ్బంది మీదికి ఇమిగ్రేషన్ అధికారులను పంపిస్తామని బెదిరింపులు వచ్చాయి. చట్టం అండ తీసేస్తే నిబంధన పెట్టుకునే స్వేచ్ఛ అందరికీ సమానంగా మిగలదు. బలమున్నవాడికే మిగులుతుంది.

టీకాలు వచ్చాక మద్దతు సడలింది. 2021 మే 13న సీడీసీ, టీకా పూర్తిగా వేసుకున్నవారు చాలాచోట్ల మాస్కు లేకుండా ఉండవచ్చంది. మరునాడే వాల్‌మార్ట్, కాస్ట్‌కో, ట్రేడర్ జోస్ టీకా వేసుకున్నవారికి మాస్కు అక్కర్లేదన్నాయి. ఎవరు వేసుకున్నారో అడిగేవారు లేరు, మాట మీద నమ్మడమే. ఇప్పుడు కౌంటరు సిబ్బంది టీకాల పోలీసులు కావాలా అని యూఎఫ్‌సీడబ్ల్యూ అధ్యక్షుడు మార్క్ పెరోన్ నిలదీశాడు. జులై 27న డెల్టా రకం వ్యాప్తి చూసి సీడీసీ మళ్లీ మాట మార్చినప్పుడు చాలా సంస్థలు సిబ్బందికి మాస్కు తిరిగి తప్పనిసరి చేశాయి. కొనుగోలుదారులకు మాత్రం విజ్ఞప్తితో సరిపెట్టాయి. ఏడాది కిందటి లేఖల ఊపు అప్పటికి లేదు. గిరాకీ తిరిగొచ్చింది, మూసివేత భయం పోయింది. మద్దతుకు మూలమైన మూడు కారణాల్లో రెండు తొలగాయి.

విమాన సంస్థల కథలో ఈ మార్పు అన్నిటికన్నా స్పష్టం. 2020 మేలో ప్రభుత్వం ఆదేశించకుండానే నియమం పెట్టుకున్న సంస్థలు, 2021 ఫిబ్రవరిలో బైడెన్ ప్రభుత్వం విమానాలు, రైళ్లు, బస్సుల్లో మాస్కును కేంద్ర ఆదేశంగా చేసినప్పుడు స్వాగతించాయి. క్యాబిన్ సిబ్బంది చేతికి చట్టం వచ్చింది. దానితో గొడవలూ వచ్చాయి. 2021లో కేంద్ర విమానయాన సంస్థకు అందిన దుష్ప్రవర్తన ఫిర్యాదులు దాదాపు 6 వేలు, వాటిలో 4 వేలకు పైగా మాస్కుకు సంబంధించినవే. డిసెంబరులో సెనేట్ విచారణలో సౌత్‌వెస్ట్ అధిపతి గ్యారీ కెల్లీ, గాలిని వడపోసే ఏర్పాటున్న విమానంలో మాస్కు వల్ల అదనంగా ఒరిగేది పెద్దగా లేదన్నాడు. 2022 మార్చి 23న ప్రధాన విమాన సంస్థల అధిపతులు మాస్కు ఆదేశం ఎత్తేయమని బైడెన్‌కు కలిసి లేఖ రాశారు. సిబ్బంది పడుతున్న బాధను కూడా అందులో కారణంగా చూపారు. ఆ బాధ నిజం. సిబ్బందిలో చాలామంది నిబంధన పోవాలని కాదు, దాడి చేసేవారికి శిక్ష పడాలని కోరుకున్నారన్నదీ నిజం.

ఆ లేఖకు జవాబు శ్వేతభవనం నుంచి కాక కోర్టు నుంచి వచ్చింది. 2022 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలోని కేంద్ర జిల్లా న్యాయమూర్తి క్యాథ్రిన్ కింబల్ మిజెల్, సీడీసీకి ఆ ఆదేశం ఇచ్చే అధికారం లేదని కొట్టేసింది. ఆ సాయంత్రమే విమాన సంస్థలు నియమం ఎత్తేశాయి. గాల్లో ఉన్న కొన్ని విమానాల్లో ప్రయాణం మధ్యలోనే ప్రకటన చేశారు. ప్రభుత్వం అప్పీలు చేసింది గాని తీర్పును నిలిపివేయమని కోరలేదు. 2023 మే 11న ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ముగిసింది. తరువాతి నెలలో పదకొండో సర్క్యూట్ అప్పీలు కోర్టు, వివాదానికి ఇక ఆధారం లేదంటూ కింది తీర్పును రద్దుచేసి కేసు మూసింది. జాతీయ స్థాయిలో మాస్కు తప్పనిసరి చేసే అధికారం సీడీసీకి ఉందా లేదా అన్నది ఆ కోర్టు తేల్చలేదు.